గోడే మా దస్తావేజు

చంద్రగిరి కోట గోడకి చట్టం కాపలా ఉంది. ఊరి బయట నమాజుకట్ట గోడకి ఏ కాపలా లేదు. మొదటిది రాజులు కట్టించింది. రెండోది ఊళ్లో సాయిబులు చందాలేసుకుని కట్టుకున్నది. రెండింట్లోనూ ఉన్నది రాయి, ఇటుక, సున్నమే. రెండూ ఒకే ఎండకి ఎండుతున్నాయి, ఒకే వానకి తడుస్తున్నాయి. అయినా ఒకదాన్ని చరిత్ర అంటున్నారు, ఇంకోదాన్ని ఆక్రమణ అంటున్నారు. ఈ తేడా గోడలో లేదు. గోడని చదివే కళ్లలో ఉంది. ఆ చదువుతోనే మా పేచీ.

కోటల్ని కాపాడొద్దని మేం అనడం లేదు. ఇంకా ఎక్కువగా, ఇంకా నిజాయితీగా కాపాడమంటున్నాం. రాయిని కాపాడి రాయి చుట్టూ బతికిన మనుషుల్ని తుడిచేస్తే అది వారసత్వ రక్షణ కాదు. ఒక పక్షం వాళ్లకి పట్టా రాసివ్వడం. దక్షిణ రాయలసీమలో, తిరుపతి చిత్తూరు నేల మీద, ఆ పట్టా ఎలా రాశారో కాస్త వివరంగా చూద్దాం.

తిరుపతికి పన్నెండు కిలోమీటర్ల లోపే చంద్రగిరి. నూట ఎనభై మీటర్ల దాకా ఎత్తున్న రాతికొండ. కొండ ఒకవైపు తానే గోడగా నిలబడింది. మిగతా వైపుల మనిషి గోడ కట్టాడు. పెద్దపెద్ద రాళ్లని మోటుగా చెక్కి, ఒకదాని ఒంపులో ఇంకోదాన్ని కూర్చి, నడుమ సున్నం లేకుండా పేర్చారు. గోడ బయట అగడ్త. రాయి బరువే రాయిని పట్టి ఉంచుతుంది. సున్నం, ఇటుక లోపలి కట్టడాల్లో కనిపిస్తాయి. రాజమహల్ మూడంతస్తులు. దాన్ని రాయి, ఇటుక, సున్నంతోనే లేపారు. ఇంత కట్టడంలో కలప వాడలేదని చూసినవాళ్లందరూ చెప్పుకుంటారు.

ఈ కోటకి పునాది వెయ్యేళ్ల కిందట నారాయణవనం యాదవరాయలు వేశారని ప్రతీతి. ఇక్కడి నుంచే సాళువ నరసింహుడు ఎదిగి 1485లో విజయనగర సింహాసనమెక్కాడు. 1565 యుద్ధం తర్వాత ఆ రాజ్యం పెనుకొండకీ, ఆ తర్వాత చంద్రగిరికీ వచ్చి చేరింది. 1639లో ఇంగ్లీషు కుంఫిణీకి మద్రాసు నేల దక్కింది ఈ రాజ్యపు నాయకుల చేతుల మీదుగానే. ఇక్కడిదాకా అందరికీ తెలుసు. కోటకి తీసుకొచ్చిన ఇస్కూలు పిల్లలక్కూడా ఇక్కడిదాకా చెబుతారు. తర్వాతి మాట ఒక్కటే: 1646లో గోల్కొండ సైన్యం వచ్చింది, కోట పడిపోయింది. అంతటితో కథ ఆగిపోతుంది. ముస్లిం రాగానే చరిత్ర ఆగిపోయే పద్ధతి మనకి చిన్నప్పటి పాఠాల నుంచీ అలవాటే.

కోట అప్పుడేమీ పడిపోలేదు. కోటలో దీపాలు ఆరిపోలేదు. గోల్కొండ తర్వాత కర్ణాటక నవాబుల చేతికొచ్చింది. 1758లో నవాబు అబ్దుల్ వహాబ్ ఖాన్ ఈ కోటలో ఉన్నాడు. కోట తన చేతిలో ఉంది కాబట్టి తిరుపతి పుణ్యక్షేత్రానికి తానే రక్షకుడినని ప్రకటించుకున్నాడు. 1782లో హైదరాలీ వచ్చి కోటని లొంగదీసుకున్నాడు. 1792 శ్రీరంగపట్నం సంధి దాకా అది మైసూరు కిందే ఉంది. అంటే 1646 నుంచి లెక్కేస్తే దాదాపు నూట యాభై ఏళ్లు. విజయనగర రాజులు చంద్రగిరిని రాజధానిగా చేసుకున్న కాలంకన్నా ఇది ఎన్నో రెట్లు. ఈ నూట యాభై ఏళ్లూ గోడ మీద ఎవరు కాపలా కాశారు? విరిగిన బురుజుకి ఎవరు మరమ్మతు చేశారు? ఏ గుర్రాలు ఈ అగడ్త నీళ్లు తాగాయి? దీని గురించి ఒక్క పేజీ ఉండదు.

ఇక్కడ మాకు ఇంకో జాగ్రత్త కూడా ఉంది. అబ్దుల్ వహాబ్ ఖాన్‌ని మతసామరస్య మహాత్ముడిగా నిలబెట్టాలని మేం అనుకోవడం లేదు. తిరుమల గుడి రాబడి ఆనాటి పాలకులందరికీ కావాలి. నవాబుకీ కావాలి. నవాబు నుంచి గుంజుకున్న కుంఫిణీకీ కావాలి. ఆ కుంఫిణీయే 1843 దాకా గుడి వ్యవహారం తన చేతిలో పెట్టుకుని, ఆ తర్వాత హాథీరాంజీ మఠం మహంతులకి అప్పగించింది. గుడి కాచినవాడిలోనూ, గుడి రాబడి తిన్నవాడిలోనూ మతం కన్నా ఖజానా ముందు కనిపిస్తుంది. మేం అడిగేది పొగడ్త కాదు. లెక్కలో పేరు. మంచికైనా చెడ్డకైనా ఈ గోడ లోపల మేమూ ఉన్నామని రాయమంటున్నాం.

రాజమహల్ ముందుకొద్దాం. కమానులు, గుమ్మటాల పద్ధతి కప్పులు, వాటిపైన గుడి శిఖరాల్లాంటి బురుజులు. దీన్ని ఇండో సారసెనిక్ శైలి అంటారు. సంవత్సరాల తరబడి ఈ మాట పుస్తకాల్లో, గైడుల నోళ్లలో నలుగుతోంది. ఎవరూ ఆగి దీని అర్థమేమిటని అడగలేదు. సారసెన్ అంటే మధ్యయుగాల యూరప్ వాళ్లు అరబ్బులకీ ముస్లింలకీ పెట్టిన పేరు. తమతో యుద్ధం చేసిన శత్రువు పేరు. ఆ పేరుని ఇంగ్లీషువాళ్లు తెచ్చి మన గోడ మీద అతికించారు. ‘ఇండో’ ఒకటి, ‘సారసెనిక్’ ఇంకొకటి. అంటే భారతీయం ఒక పక్క, ముస్లిం ఇంకో పక్క. రెండు నూళ్లు వేర్వేరు అన్నట్టు, ఎవరో తర్వాత ముడేసినట్టు. చంద్రగిరి కట్టే నాటికి దక్కనులో కమాను మూడొందల ఏళ్ల పాతది. అది ఏ పరాయి దేశం నుంచో అప్పుడే ఓడ దిగలేదు. బీదరులో, గుల్బర్గాలో, గోల్కొండలో ఇక్కడి మట్టితో ఇక్కడి చేతులు కట్టిన కమాను అది. మూడొందల ఏళ్లు ఇక్కడ ఉన్నదాన్ని కూడా పరాయిదనే పిలిస్తే, ఇక దాన్ని తెచ్చిన మనుషులు ఎన్నేళ్లుంటే ఇక్కడివాళ్లవుతారు?

కట్టడాల పుస్తకాల్లో ఈ మిశ్రమాన్ని మెచ్చుకుంటారు. ఎంత అందమైన కలయిక అంటారు. వీధిలోకొస్తే మమ్మల్ని మాత్రం నువ్వెక్కడ నుంచొచ్చావని అడుగుతారు. గుమ్మటం కావాలి. గుమ్మటం తెచ్చినవాళ్లు మాత్రం పరాయి. కమాను కావాలి. కమాను కింద నమాజు చదివేవాడు మాత్రం అనుమానం. కళని కలుపుకుని మనిషిని వెలేసే ఈ మెచ్చుకోలు మాకు అక్కరలేదు.

ఈ చదువు ఎక్కడ మొదలైంది? 1900లో రాబర్ట్ సూయెల్ విజయనగరం మీద పుస్తకం రాశాడు. మరిచిపోయిన సామ్రాజ్యాన్ని మళ్లీ లోకానికి గుర్తు చేశాడు. ఆ మేలు కాదనలేం. అదే పుస్తకంలో ఆయన విజయనగరాన్ని ముస్లింల దండయాత్రలకి అడ్డంగా లేచిన హిందూ గోడగా చూపించాడు. ఒక్క పోలిక. ఆ పోలిక నూటపాతికేళ్లుగా నడుస్తోంది. పాఠ్యపుస్తకాలు నడిపించాయి. నవలలు నడిపించాయి. సినిమాలు నడిపించాయి. రాతి గోడ కన్నా ఈ మాటల గోడ గట్టిది. దీనికి బీటలు వేసే వాస్తవాలు ఎన్ని ఉన్నా పైకి కనబడవు.

ఆ వాస్తవాలు దూరాన లేవు. విజయనగర రాజులు తమని తాము ‘హిందూరాయ సురత్రాణ’ అని పిలుచుకున్నారు. సురత్రాణ అంటే సుల్తాను. శత్రువు బిరుదుని శాసనంలో చెక్కించుకునేవాడు ఆ శత్రువుని పూర్తిగా పరాయి అనుకున్నట్టా? రెండో దేవరాయలు 1424 నుంచి 1446 దాకా ఏలాడు. ముస్లిం విలుకాండ్రనీ, రౌతుల్నీ కొలువులో పెట్టుకున్నాడు. ఆయన కొలువులోని అహ్మద్ ఖాన్ కట్టించిన మసీదు హంపీలో ఇప్పటికీ ఉంది. దాని శాసనం 1439 నాటిది. 1565లో ఇద్దరు ముస్లిం సేనానులు రామరాయలకి ద్రోహం చేశారన్న కథ పల్లె పల్లెకీ తెలుసు. 1439 మసీదు ఎంతమందికి తెలుసు? ద్రోహం జరిగి ఉంటే అది ఇద్దరిది. కొలువు చేసింది వేలమంది. ఇద్దర్ని గుర్తుపెట్టుకుని వేలమందిని మరిచిపోవడం మతిమరుపు కాదు. అదొక రాజకీయం.

గోడ లోపల హిందువు, గోడ బయట ముస్లిం అనే బొమ్మ చంద్రగిరిలోనే చెదిరిపోతుంది. 1782లో గోడ బయట హైదరాలీ ఉన్నాడు. ఆ కోట అప్పుడు ఆర్కాటు నవాబుది. బయటా ముస్లిం పాలకుడే, లోపలా ముస్లిం పాలకుడే. ఆ నవాబుకి అండ కుంఫిణీ. రెండు సైన్యాల్లోనూ హిందువులున్నారు, ముస్లింలున్నారు. కోట గోడ మతాలని విడదీయలేదు. రాజుల్ని విడదీసింది, అదీ వాళ్ల పొత్తులు మారేదాకా.

ఇంకా స్పష్టంగా చూడాలంటే గుర్రంకొండకి పోవాలి. పాత చిత్తూరు జిల్లాలో, మదనపల్లెకి ఉత్తరాన ఉంది. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు కడప నుంచి విడదీసి కలిపిన వాయల్పాడు తాలూకాలోది. నిటారుగా లేచిన బండ, కిందంతా కోట గోడ, లోపల రంగీన్ మహల్. ఒక గుర్రం ఈ కోటని కాస్తుండేదనీ, అది ఉన్నంతకాలం కోటని ఎవరూ గెలవలేకపోయారనీ, చివరికి ఒక దొంగ మేకులు దిగ్గొట్టుకుంటూ బండనెక్కి గుర్రాన్ని దింపుకుపోయాడనీ ఇక్కడ కథ. గోల్కొండ, కడప నవాబులు, మరాఠాలు, మైసూరు, నిజాం, కుంఫిణీ, ఇంతమంది చేతులు మారింది ఈ కోట.

హైదరాలీ బావమరిది మీర్ రజా అలీఖాన్ ఇక్కడ అధికారం చేశాడు. ఆయన సమాధి గుర్రంకొండలోనే ఉంది. ఆయన టిప్పు సుల్తానుకి మేనమామ. టిప్పు తల్లి ఫక్రున్నీసా తండ్రి కడప కోటకి అధిపతిగా ఉన్నవాడు. అంటే టిప్పుకి అమ్మమ్మ ఊరు మన సీమే. టిప్పుని మైసూరు వాడిగా పొగిడేవాళ్లకీ, తిట్టేవాళ్లకీ ఈ చుట్టరికం తట్టదు.

1791లో ఈ కోటని ముట్టడించింది ఎవరు? నిజాం సైన్యం, ఇంగ్లీషు సైన్యం కలిసి. లోపల ఉన్నది టిప్పు మనుషులు. నిజాం ముస్లిమే, టిప్పూ ముస్లిమే. మరుసటి ఏడాది సంధిలో గుర్రంకొండ నిజాం వాటాకి పోయింది. 1800లో నిజాం ఈ సీమనంతా కుంఫిణీకి దత్తం చేశాడు. రాయలసీమకి దత్త మండలం అని పేరొచ్చింది అప్పుడే. మమ్మల్ని తెచ్చి కలిపిందీ నవాబులే, కుంఫిణీకి అప్పజెప్పిందీ నవాబులే. అందుకే కోట చూపించి ‘మేం ఏలినవాళ్లం’ అని మీసం తిప్పే మా వాళ్లలోని పెద్దింటివాళ్లని కూడా మేం నిలదీస్తున్నాం. ఏలింది ఎవరు? దూదేకులవాడు ఏలాడా? గాజులమ్మేవాడు ఏలాడా? బేల్దారి పనిచేసేవాడు ఏలాడా? కోట గోడ మీద రాయి మోసినవాళ్లకి గుర్రంకొండలో సమాధి లేదు, రంగీన్ మహల్లో గది లేదు. నవాబు వైభవాన్ని తలుచుకుని మురిసే ముస్లిం, రాయల వైభవాన్ని తలుచుకుని మురిసే హిందువు, ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఆ బల్ల మోస్తున్నది ఇంకెవరో.

ఆ ఇంకెవరో ఎవరో తెలుసుకోవడానికి శాసనాలే అక్కర్లేదు. మన నోటి మాట చాలు. రాయి కొట్టేది వడ్డెర. మట్టిపని, సున్నం పని ఉప్పరోళ్లది. గోడ కట్టే పనికి రాయలసీమంతా బేల్దారి పని అనే పేరు. బేల్దార్ పారసీ మాట. కోట మూలన లేచినది బురుజు. అది అరబ్బీ. వాకిలికి దర్వాజా, పారసీ. విరిగితే మరమ్మతు, అరబ్బీ. రాజమహల్ అన్న పేరులోనే రాజు సంస్కృతం, మహల్ అరబ్బీ. అసలు గోడ దేనికి? హద్దు కోసం. ఆ హద్దు అన్న మాటే అరబ్బీ. సరిహద్దు పారసీ మీదుగా వచ్చింది. భూమికి కాగితం దస్తావేజు, అదీ పారసీ. మా మాటలు తీసేస్తే మీ పొలానికి హద్దులు చెప్పుకోవడమే కష్టం. అట్లాంటిది, మమ్మల్ని హద్దుల బయటికి పొమ్మంటున్నారు.

ఇక చట్టం సంగతి. కట్టడాల రక్షణకి మన దేశంలో మొదటి గట్టి చట్టం 1904లో కర్జన్ కాలంలో వచ్చింది. ఇప్పుడు కేంద్రంలో నడుస్తున్నది 1958 చట్టం. మన రాష్ట్రానికి 1960 చట్టం ఉంది. 1992 జూన్‌లో కేంద్రం ఉత్తర్వు చేసి, రక్షిత కట్టడానికి నూరు మీటర్ల లోపల కొత్త కట్టడం కూడదంది, దాని వెలుపల మరో రెండొందల మీటర్లలో అనుమతి ఉంటేనే కట్టాలంది. 2010 సవరణతో ఆ హద్దులు చట్టంలోనే చేరాయి. రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే రెండేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మంచిదే. చంద్రగిరి గోడ ఈ మాత్రం నిలబడిందంటే ఈ చట్టం వల్లనే. చట్టం లేనిచోట ఏమవుతుందో హైదరాబాదు చెబుతుంది. మొగలు సుబేదారు ముబారిజ్ ఖాన్ మొదలుపెట్టి మొదటి నిజాం పూర్తి చేయించిన నగర గోడకి పదమూడు దర్వాజాలుండేవి. ఇప్పుడు మిగిలినవి దబీర్‌పురా, పురానాపూల్. మిగిలినవి బస్సు స్టాపుల పేర్లుగా బతుకుతున్నాయి.

అయితే రక్షణ అన్న మాటకి అందరి దగ్గరా ఒకే అర్థం లేదు. 1991లో ప్రార్థనా స్థలాల చట్టం వచ్చింది. 1947 ఆగస్టు 15న ఏది ఎట్లా ఉందో అట్లాగే ఉంచాలంది. ఆ చట్టం నుంచి రెండిటికి మినహాయింపిచ్చారు. ఒకటి బాబ్రీ మసీదు. దాని గతి 1992 డిసెంబరు 6న చూశాం. రెండో మినహాయింపు చాలామందికి తెలీదు. 1958 చట్టం కింద ఉన్న పురాతన కట్టడాలకి ఈ రక్షణ వర్తించదు. అంటే మసీదు రక్షిత కట్టడమైతే ఒక చట్టం దాన్ని కాపాడుతుంది, ఇంకో చట్టం దాని తలుపు తీసి పెడుతుంది. సంభల్ జామా మసీదు 1920 నుంచీ రక్షిత కట్టడమే. 2024 నవంబరులో అక్కడ సర్వే పేరుతో జరిగిన గొడవలో మనుషులు చనిపోయారు. రాయికి రక్షణ ఉంది. రాయి దగ్గర నిలబడ్డవాడికి లేదు.

కేంద్రం 2025లో వక్ఫు చట్టాన్ని సవరించింది. అందులో 3డి అని ఒక సెక్షన్ చేరింది. ఒక ఆస్తిని వక్ఫుగా ప్రకటించిన నాటికే అది 1904 చట్టం కిందో 1958 చట్టం కిందో రక్షిత కట్టడమై ఉంటే, ఆ వక్ఫు ప్రకటన చెల్లదు. 2025 సెప్టెంబరు 15 నాటి మధ్యంతర ఉత్తర్వులో సుప్రీంకోర్టు ఆ సవరణలో కొన్నిటిని ఆపింది. దీన్ని ఆపలేదు. రక్షిత కట్టడంలో ఆనవాయితీగా జరిగే ప్రార్థనలకి 1958 చట్టంలో చోటుంది, నిజమే. కానీ ప్రార్థన చేసుకునే వీలు వేరు, ఇది మాదని చెప్పుకునే హక్కు వేరు. అద్దెకున్నవాడు కూడా ఇంట్లో నమాజు చదువుకుంటాడు.

ఇప్పుడు నమాజుకట్ట దగ్గరికి రండి. ఈద్గా అంటే ఏమిటి? ఒక గోడ. అంతే. కప్పు లేదు, తలుపు లేదు. పడమటి దిక్కున ఒక గోడ, నడుమ ఒక మెహరాబు, రెండు కొసల్లో రెండు చిన్న మినార్లు. ముందు ఖాళీ మైదానం. ఏడాదికి రెండుసార్లు, రంజానుకీ బక్రీదుకీ, ఊరి ముస్లింలంతా ఆ గోడకి ముఖం పెట్టి నిలబడతారు. మిగతా రోజుల్లో ఆ మైదానంలో ఊరి పిల్లలు ఆడుకుంటారు, చెనిక్కాయలు ఆరబోస్తారు, గొర్రెలు పడుకుంటాయి. ఇది ఎవరినీ బయట పెట్టే గోడ కాదు, లోపల దాచే గోడా కాదు. దిక్కు చూపించే గోడ. ప్రపంచంలో ఇంత సాధువైన గోడ ఇంకోటి ఉండదు.

ఇంత సాధువైనది కాబట్టే ఇది సులువుగా పోతుంది. రెవిన్యూ లెక్కలో చాలా నమాజుకట్టలు పోరంబోకు. ఖబరస్తాన్లూ అంతే. ఎవరో నవాబు ఇచ్చిన సన్నదు ఎవరింట్లోనో చెదలు పట్టింది. 1860ల ఇనాం కమీషను ముందుకి కాగితం పట్టుకుని పోగలిగినవాళ్లకి పట్టా దొరికింది. దూదేకుల కుటుంబం నాలుగిళ్లున్న పల్లె నుంచి ఎవరు పోతారు? వాళ్లకి కాగితం లేదు. వాళ్లకున్నదల్లా వాడుక. తాతలు చదివిన చోట మనవలు చదవడం. ఇస్లాం ధర్మశాస్త్రం, మన కోర్టులు ఈ వాడుకనే సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. దాన్నే వాడుక ద్వారా వక్ఫు అన్నారు. 2025 సవరణ ఆ దారిని మూసేసింది. అంతకుముందే రిజిస్టరైనవి ఉంటాయి, అదీ తగాదాలో లేకపోతే, సర్కారు భూమి కాకపోతే. 2025 జూన్‌లో ఉమీద్ పోర్టల్ తెరిచి, ఆరు నెలల గడువు పెట్టి అన్నీ నమోదు చెయ్యమన్నారు. కాగితం లేని పల్లెకి కంప్యూటరు గడువు.

ఇక్కడే పాత గోడ విలువ బయటపడుతుంది. కాగితం లేనిచోట గోడే దస్తావేజు. పాత గోడలోని ఇటుక కొలత ఒక తేదీ. గానుగ సున్నం ఒక తేదీ. సున్నం, ఇసుక గానుగలో రుబ్బి, కరక్కాయ నీళ్లు, బెల్లం కలిపి కట్టిన గోడ నిన్న రాత్రి లేచిన ఆక్రమణ కాదని ఏ ఇంజనీరైనా చెప్పగలడు. మెహరాబు ఒంపు, మినారు నగిషీ, సున్నపు పూత పొరలు ఒక్కొక్కటీ సాక్షి. నోరు లేని ఈ సాక్షులు అబద్ధమాడరు. వీళ్లని పిలిచి అడిగేవాడే లేడు.

పైగా ఈ సాక్షుల్ని చంపుతున్నది ఎప్పుడూ శత్రువే కాదు. కువైట్ నుంచి డబ్బొస్తుంది. ఎన్నికలకి ముందు ఎమ్మెల్యే వచ్చి ప్రహరీ గోడ శాంక్షన్ చేయిస్తానంటాడు. కమిటీ పెద్దలు పాత గోడని పడగొట్టి సిమెంటు గోడ లేపుతారు. దానికి బాత్‌రూం టైల్సు, పచ్చ పెయింటు, పైన దాతల పేర్లతో పాలరాయి పలక. రెండొందల ఏళ్ల రుజువు ట్రాక్టరు తొట్టిలో పోయి ఏ గుంతలోనో పడుతుంది. పలక మీద మాత్రం కొత్త సంవత్సరం. రేపు ఎవడైనా కోర్టుకి పోయి ఇది నిన్నగాక మొన్న కట్టిందంటే, మన పలకే వాడికి సాక్ష్యం. పడగొట్టకుండా పైపైన సిమెంటు మెత్తినా ముప్పే. సున్నపు గోడ తడిని పీల్చి తడిని వదులుతుంది. సిమెంటు పూత దాన్ని లోపలే బంధిస్తుంది. ఉప్పు పొంగి ఇటుక పొడి అవుతుంది. బయటికి గోడ నిగనిగలాడుతుంటుంది, లోపల మాసిపోతుంటుంది. ఖబరస్తాన్‌కి ప్రహరీ అవసరమే. ఆక్రమణల కాలంలో అది లేకుండా కుదరదు. కానీ కొత్త గోడ కట్టడానికి పాత గోడని కూల్చక్కర్లేదు.

ఇందులో ఇంకో చిక్కు ఉంది. పాత ఈద్గాకి పురావస్తు శాఖ రక్షణ అడగాలా వద్దా? అడిగితే వక్ఫు హక్కు పోతుందేమో. అడక్కపోతే గోడే పోతుంది. ఈ భయం ఉత్తది కాదు. కానీ 3డి సెక్షన్‌ని జాగ్రత్తగా చదవాలి. అది చూసేది ముందు ఏది జరిగిందన్నది. కేంద్ర చట్టాల కింద రక్షిత కట్టడమైన తర్వాత చేసిన వక్ఫు ప్రకటన చెల్లదంటోంది. కనక వరస ముఖ్యం. ముందు వక్ఫు రికార్డు. గెజెట్టులో ఉందా, అడంగల్లో ఉందా, సర్వే నంబరు, విస్తీర్ణం, నాలుగు హద్దులు సరిపోయాయా చూసుకోవాలి. తర్వాతే రక్షణ. అదీ 1960 రాష్ట్ర చట్టం కింద అడగొచ్చు. దానితో పాటు చిన్న పనులు కొన్నున్నాయి. గోడని నాలుగు వైపులా ఫోటో తియ్యాలి. ఇటుక పొడవు, వెడల్పు, మందం కొలిచి రాసుకోవాలి. శాసనం ఉంటే కాగితం మీద అచ్చు తీసుకోవాలి. ఊరి ముసలివాళ్లు, ముస్లింలే కాదు, ఆ మైదానంలో ఆడిన కమ్మరి, కుమ్మరి, మాల, మాదిగ ముసలివాళ్లు కూడా, అక్కడ పండగ నమాజు జరిగేదని చెప్పే మాటల్ని సంతకాలతో రాయించుకోవాలి. మరమ్మతు చేస్తే సున్నంతో చెయ్యాలి. ఆ పని తెలిసిన బేల్దారి చేతులు ఇంకా అక్కడక్కడా మిగిలున్నాయి. వాళ్లు పోకముందే నేర్చుకోవాలి.

సెక్యులర్ మిత్రులకి ఒక మాట. మీరు చంద్రగిరి గుమ్మటాన్ని చూపించి హిందూ ముస్లిం ఐక్యత అంటారు. దేవుని కడపలో ఉగాదికి ముస్లింలు వెంకటేశ్వరుడి గుడికి పోతారనీ, బీబీ నాంచారమ్మ మా ఇంటి ఆడబిడ్డనీ గుర్తు చేస్తారు. నిజమే, మాకూ ఇష్టమే. గండికోటలో మాధవరాయ గుడి, రంగనాథ గుడి, జామా మసీదు ఒకే కోట గోడలో ఉన్నాయని మేమూ చెప్పుకుంటాం. కానీ ఐక్యత పాట పాడేటప్పుడు మాత్రమే మేం మీకు గుర్తొస్తున్నాం. నమాజుకట్టకి సర్వే రాళ్లు పాతుతున్నప్పుడు గుర్తు రావడం లేదు. మాకు మీ ముచ్చట కన్నా మీ సాక్ష్యం అవసరం. మీ ఊళ్లో ఆ గోడ మీకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉందని మీరు రాసి సంతకం పెట్టండి. అంతకన్నా పెద్ద సామరస్యం మేం అడగం.

పురావస్తు శాఖకి కూడా మా కోరిక చిన్నదే. చంద్రగిరి గోడ దగ్గర కథ 1646 దగ్గర ఆగకూడదు. గోల్కొండ కాలం, నవాబు కాలం, మైసూరు కాలం అన్నీ సంవత్సరాలతో ఉండాలి. తెలుగులో ఉండాలి, ఉర్దూలో కూడా ఉండాలి. ‘సారసెనిక్’ అన్న మాట తీసేసి దక్కనీ అని రాయాలి. రాజుల పేర్ల కింద రాయి కొట్టిన వడ్డెర, సున్నం పనిచేసిన ఉప్పర, గోడ లేపిన బేల్దారి పేర్లుండాలి. మనుషుల పేర్లు దొరకవు కనక కనీసం పనుల పేర్లు. అప్పుడా గోడ ఒక మతానిదీ ఒక రాజుదీ కాకుండా పోతుంది. కట్టినవాళ్లదీ, కాచినవాళ్లదీ అవుతుంది.

మేం ఈ నేల మీద కోటలు అడగడం లేదు. ఏలినవాళ్ల కోటలు ఏలినవాళ్లతోనే పోయాయి. మాకు కావాల్సింది పడమటి దిక్కున ఒక పాత గోడ, దాని ముందు వరసగా నిలబడేంత చోటు, చివరికి పడుకోవడానికి ఆరడుగుల మన్ను. ఆ గోడ ఎన్నేళ్ల కిందటిదో ఇటుకే చెబుతుంది. అడిగి రాసుకునే పని మనది. పడగొట్టక ముందే రాసుకుందాం.